కమీనో నడిచాక సాంటియాగో నుంచి తక్కువ ఖర్చులో ఇంటికి ఎలా?

పసుపుబాణం:
అందరికీ నమస్కారం. 2027 వసంతంలో అమ్మా నేనూ కమీనో ఫ్రాన్సెస్ అనే పాత తీర్థయాత్ర దారిలో నడవాలని నిశ్చయించుకున్నాం. ఫ్రాన్స్ వైపు సాన్ జాన్ పియే ద పోర్‌లో మొదలుపెట్టి స్పెయిన్‌లోని సాంటియాగో దె కంపోస్తెలా దాకా, దగ్గర దగ్గర 780 కిలోమీటర్లు. అమ్మకి 63. నడక గురించి నాకు బెంగ లేదు, ఆవిడ నాకంటే బాగా నడుస్తుంది. టెన్షన్ అంతా తిరుగు ప్రయాణం గురించే. ఏ రోజు బయల్దేరతామో చెప్పగలను కానీ ఏ రోజు చేరతామో ఎలా చెప్పను? సాంటియాగో ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటి దాకా ఒకే టికెట్‌గా వెతికితే వెళ్ళే టికెట్‌కి రెట్టింపు చూపిస్తోంది, అదీ రెండు మూడు చోట్ల దిగి ఎక్కితే. విదేశీ సైట్లలో చూస్తే అందరూ "అక్కడికి చేరాక కొనుక్కో" అంటున్నారు. మాది ఇండియన్ పాస్‌పోర్ట్, వీసాకి తిరుగు టికెట్ చూపించాలి కదా, మరి అదెలా కుదురుతుంది? నడిచి వచ్చినవాళ్ళు చెప్పండి.

దూరపుకొండ:
ముందుగా ఒక్క మాటండీ. సాంటియాగో నుంచి ఇంటికి అని వెతకడం ఆపేయండి. సాంటియాగోది చిన్న ఎయిర్‌పోర్ట్, అక్కడి నుంచి ఎక్కువగా మాడ్రిడ్, బార్సిలోనా లాంటి స్పెయిన్ ఊళ్ళకీ, కొన్ని యూరప్ ఊళ్ళకీ మాత్రమే విమానాలు ఉంటాయి. పైగా 2025 చలికాలంలో చవక విమానాల కంపెనీ రయానేర్ అక్కడి బేస్ (విమానాలు నిలిపి నడిపే స్థావరం) మూసేసింది, దాంతో చవక సీట్లు ఇంకా తగ్గాయి. మీరు పెద్ద టికెట్‌ని మాడ్రిడ్ నుంచి కొనండి. దుబాయ్, దోహా మీదుగా ఒక్కసారి మారే విమానాలు అక్కడి నుంచి నేరుగా ఉన్నాయి. సాంటియాగో నుంచి మాడ్రిడ్ దాకా రైలు. 2021 డిసెంబర్‌లో దారిలో ఉన్న ఔరెన్సే దాకా హై స్పీడ్ లైన్ వేశాక ప్రయాణ సమయం బాగా తగ్గింది, ఇప్పుడు 3 గంటల పైచిలుకులో చమార్తిన్ స్టేషన్‌లో దిగుతారు. పాత గైడ్ పుస్తకాల్లో రాత్రి రైలు అని రాసి ఉంటుంది, అది ఇప్పుడు లేదు, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

ఇంకోటి, వెళ్ళే టికెట్, వచ్చే టికెట్ విడివిడిగా కొంటే ఖర్చెక్కువ. ఒకే బుకింగ్‌లో మల్టీ సిటీ అని ఉంటుంది, పోయేటప్పుడు ఒక ఊళ్ళో దిగి వచ్చేటప్పుడు ఇంకో ఊళ్ళో ఎక్కొచ్చు. అది రానుపోను ధరకి దగ్గరగా ఉంటుంది. లేదంటే రెండూ మాడ్రిడ్‌కే పెట్టుకుని, అక్కడి నుంచి రైల్లో పాంప్లోనా, ఆ తర్వాత సాన్ జాన్‌కి బస్సు. నేను రెండో పద్ధతికే ఓటేస్తాను, ఒకసారి చూసిన ఊరికే తిరిగి రావడం అమ్మగారికి కూడా తేలిగ్గా ఉంటుంది.

నీలిగొడుగు:
దూరపుకొండ గారూ, మాడ్రిడ్ ఒక్కటే దారి అన్నట్టు చెప్పకండి. పోర్చుగల్‌లో పోర్తో ఉంది కదా! సాంటియాగో నుంచి పోర్తోకి బస్సులో 3, 4 గంటలు. ఫ్లిక్స్‌బస్, ఆల్సా రెండూ నడుపుతాయి, చాలా బస్సులు పోర్తో ఊళ్ళోకి వెళ్ళకముందే ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆపుతాయి. అంటే సామాను మోసుకుంటూ మెట్రో ఎక్కే పని కూడా లేదు. పోర్తో నుంచి ఇస్తాంబుల్ మీదుగా వెళ్ళొచ్చు, యూరప్‌లో ఏ ఊరికైనా చవక విమానాలు సాంటియాగో కంటే చాలా ఎక్కువ. పోర్చుగల్ కూడా షెంగెన్‌లోదే (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి) కాబట్టి స్పెయిన్ వీసాతో అక్కడి నుంచి దేశం దాటినా ఇబ్బంది లేదు.

ఒక్క జాగ్రత్త. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక. అటు వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది. అదే పోర్తోలో దిగి సాంటియాగో వైపు వచ్చేవాళ్ళు బస్సు టైము చూసి తికమకపడతారు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది.

రైలు కావాలంటే విగో నుంచి పోర్తోకి సెల్టా అని ఒకటుంది, రోజుకి రెండే. అది విగోలో గిషార్ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది, సాంటియాగో రైళ్ళలో చాలావరకు ఉర్సాయిస్ అనే ఇంకో స్టేషన్‌లో ఆగుతాయి. మధ్యలో నడవాలి. 780 కిలోమీటర్లు నడిచినవాళ్ళకి అదేం లెక్క కాదు కానీ రైలు మధ్య వ్యవధి చాలినంత ఉందో లేదో చూసుకోండి.

మైలురాయి:
పసుపుబాణం గారు అడిగిన అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. "చేరాక కొనుక్కో" అనే సలహా వీసా అక్కర్లేని పాస్‌పోర్ట్ వాళ్ళది. వాళ్ళకి 180 రోజుల్లో 90 రోజులు ఎటూ ఉంటాయి, నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. మనకి వీసా మీద రోజుల సంఖ్య వేరే రాసి ఉంటుంది. మీరు ప్రయాణ ప్రణాళికలో 40 రోజులు చూపిస్తే కాన్సులేట్ 40 రోజులే ఇవ్వచ్చు. వీసా చెల్లే తేదీకి అదనంగా 15 రోజులు కలిపి ఇస్తారు, దాన్ని చూసి చాలామంది ఇంకా 15 రోజులు ఉండొచ్చనుకుంటారు. కాదు! ఆ 15 రోజులు మీ ప్రయాణం ముందుకో వెనక్కో జరుపుకోవడానికి మాత్రమే, ఉండే రోజుల సంఖ్య పెరగదు. స్టిక్కర్ మీద రోజులు అని ఉన్న గడి చూడండి, లెక్క దానిదే.

కాబట్టి విశ్రాంతి రోజులు, జ్వరం వస్తే ఆగే రోజులు, చివర్లో సాంటియాగోలో ఉండే రోజులు, అన్నీ దరఖాస్తులోనే చూపించండి. నడక 35 రోజులు అనుకుంటే మొత్తం 45 అడగండి, ఎందుకో కవరింగ్ లెటర్‌లో రాయండి. ఫ్రాన్స్‌లో మొదలుపెట్టినా ఎక్కువ రోజులు స్పెయిన్‌లోనే కాబట్టి దరఖాస్తు స్పెయిన్‌కే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆలస్యం చేయకండి.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ వల్ల పాస్‌పోర్ట్‌లో స్టాంపు బదులు మీరు వచ్చిన రోజు, వెళ్ళిన రోజు కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. 2025 అక్టోబర్ 12న మొదలై, 2026 ఏప్రిల్ నుంచి అన్నిచోట్లా పూర్తిగా అమలు అని షెడ్యూల్. ఒక్క రోజు ఎక్కువున్నా రికార్డులో పడుతుంది, తర్వాతి వీసాకి అది అడ్డం.

పసుపుబాణం:
మైలురాయి గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. అంటే తిరుగు టికెట్ ముందే కొనాలి, కానీ నడక ముగిసే రోజుకి కాకుండా వారం దూరంగా కొనాలి, ఆ వారం వీసా రోజుల్లో కూడా ఉండాలి. అంతేనా? మరి తొందరగా చేరిపోతే ఆ వారం సాంటియాగోలో హోటల్ ఖర్చు తడిసి మోపెడవదా?

చలిగాలి:
నేనైతే వేరేగా చేస్తాను బ్రో. పోర్తో నుంచి లండన్‌కి చవక విమానం పట్టుకుని, లండన్ నుంచి ఇంటికి నాన్‌స్టాప్. లండన్ నుంచి పోటీ ఎక్కువ, టికెట్లు తక్కువకి దొరుకుతాయి. ఇద్దరికీ కలిపి చూస్తే బాగా మిగులుతుంది.

మైలురాయి:
చలిగాలి తమ్ముడూ, దయచేసి ఇది మన పాస్‌పోర్ట్ వాళ్ళకి చెప్పకు. లండన్ షెంగెన్‌లో లేదు. చవక విమానంలో వెళ్ళి వేరే కంపెనీ విమానం ఎక్కాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చి, బ్యాగు తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి. దానికి బ్రిటన్ వీసా కావాలి. బయటికి రాకుండా లోపలే మారినా ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ట్రాన్సిట్ వీసా కావాలి, అమెరికా, కెనడా లాంటి దేశాల వీసా ఉన్నవాళ్ళకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మామూలు షెంగెన్ టూరిస్టు వీసా ఆ మినహాయింపులోకి రాదు. డబ్లిన్ కూడా షెంగెన్ కాదు. వీసా ఫీజు కలిపితే మిగిలిందేమీ ఉండదు, అసలు పోర్తోలోనే విమానం ఎక్కనివ్వరు.

చలిగాలి:
సరే అన్నా, నాకు యూకే రెసిడెన్స్ ఉంది కాబట్టి ఆ కోణంలో చెప్పాను. యూకేలో ఉండేవాళ్ళకి మాత్రం పోర్తో దారి బాగుంటుంది. ఇంకో దారి కూడా ఉంది, స్పెయిన్‌లోని శాంతాన్‌దేర్ నుంచి ఇంగ్లండ్‌లోని పోర్ట్‌స్మత్‌కి, ప్లిమత్‌కి ఓడ. స్పెయిన్ ఉత్తర తీరం వెంట సాంటియాగో వెళ్ళే నార్తే దారిలో నడిచేవాళ్ళకి ఆ రేవు మధ్యలోనే తగులుతుంది. సైకిల్‌తో వచ్చినవాళ్ళకి అది చాలా సుఖం, డబ్బా కొని సైకిల్ విప్పి సర్దే పని ఉండదు.

ఊతకర్ర:
అమ్మాయ్ పసుపుబాణం, నేను పెద్దవాణ్ణి, రిటైరయ్యాక ఈ దారిలో నడిచాను కాబట్టి మీ అమ్మగారికి పనికొచ్చేవి చెబుతాను. స్పెయిన్ రైల్వే రెన్ఫేలో 60 దాటినవాళ్ళకి తర్హేతా దొరాదా అని కార్డు ఇస్తారు. ఏడాదికి 6 యూరోలు. విదేశీయులకి కూడా ఇస్తారు, స్టేషన్ కౌంటర్‌లో పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. రైలునీ రోజునీ బట్టి టికెట్ మీద 25 నుంచి 40 శాతం తగ్గుతుంది. సాంటియాగో నుంచి మాడ్రిడ్‌కి ఒక్కసారి ఎక్కినా కార్డు ఖర్చు తిరిగొస్తుంది. వెళ్ళేటప్పుడు మాడ్రిడ్‌లో దిగితే అక్కడే తీసుకోండి, పాంప్లోనా రైలుకి కూడా పనికొస్తుంది. పోర్చుగల్ రైళ్ళలో 65 దాటినవాళ్ళకి సగం ధర, దానికి కార్డు కూడా అక్కర్లేదు, వయసు రుజువు చాలు. అమ్మగారికి ఇంకా ఆ వయసు రాలేదు గానీ, చదివే పెద్దవాళ్ళు ఇంకెవరైనా ఉంటారని రాస్తున్నాను.

హై స్పీడ్ టికెట్ ఉన్నవాళ్ళకి మాడ్రిడ్‌లో లోకల్ రైలు సెర్కనియాస్ ఉచితం. టికెట్ మీద ఒక కోడ్ ఉంటుంది, దాన్ని స్టేషన్‌లో మెషీన్లో కొడితే లోకల్ టికెట్ వస్తుంది. చమార్తిన్ నుంచి ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 4కి సీ1, సీ10 రైళ్ళు నేరుగా వెళ్తాయి. మీ విమానం టెర్మినల్ 1, 2, 3 నుంచి అయితే టీ4 దగ్గర దిగి ఉచిత బస్సు ఎక్కాలి. టాక్సీ డబ్బు మొత్తం మిగిలినట్టే.

బస ఖర్చు గురించి అడిగావు. సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంత ప్రభుత్వ అల్బెర్గేలలో (యాత్రికుల బసల్లో) మంచం 10 యూరోలు, కానీ ఒక్క రాత్రే ఉండనిస్తారు. సాంటియాగోలో సెమినారియో మెనోర్ అనే పెద్ద పాత సెమినరీ భవనంలో రాత్రుళ్ళు ఎక్కువైనా ఉండొచ్చు, ఒక్కరుండే చిన్న గదులు కూడా ఉన్నాయి. వసంతంలో తెరిచే ఉంటుంది. ముందు బుక్ చేసుకో. 2027 పవిత్ర సంవత్సరం అని మర్చిపోకు. సెయింట్ జేమ్స్ పండుగ జూలై 25 ఆదివారం నాడు పడిన ఏడాదికి ఆ పేరు. మామూలు ఏడాదైన 2024లోనే నడక పూర్తిచేసినవాళ్ళకి ఇచ్చే కంపోస్తెలా పత్రం తీసుకున్నవాళ్ళు 4,99,000 పైమాటే. 2027లో గదులకీ రైలు సీట్లకీ ఎంత గిరాకీ ఉంటుందో ఊహించుకో.

ఒంటరి_నడక:
ఊతకర్ర గారు చెప్పిన దానికి ఒక చేర్పు. మిగిలిన రోజుల్ని డబ్బు దండగ అనుకోకుండా ఫినిస్తేరా నడవండి. సాంటియాగో నుంచి సముద్రం దాకా 90 కిలోమీటర్ల లోపు, నాలుగైదు రోజులు. దారిలో ఖర్చు సాంటియాగో కంటే తక్కువ. తిరిగి రావడానికి మోన్‌బస్ కంపెనీ బస్సు ఉంది. ఆలస్యమైతే ఆ భాగం మానేస్తారు, తొందరగా చేరితే నడుస్తారు, టికెట్ మాత్రం కదపనక్కర్లేదు. అమ్మగారికి ఓపిక లేకపోతే ఉదయం బస్సులో వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు.

ఇక డబ్బు మరీ తక్కువున్నవాళ్ళకి బస్సు. ఆల్సా బస్సు సాంటియాగో నుంచి మాడ్రిడ్‌కి 8, 9 గంటలు, రాత్రి బస్సు పట్టుకుంటే ఒక రాత్రి గది కూడా మిగులుతుంది. బస్టాండ్, రైల్వే స్టేషన్ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. కుర్రవాళ్ళయితే బ్లాబ్లాకార్ కూడా చూడండి, అదే దారిలో కారులో వెళ్ళేవాళ్ళు సీటు ఇస్తారు, పెట్రోలు ఖర్చు పంచుకోవడం. స్పెయిన్‌లో అందరూ వాడతారు. ఆదివారం సాయంత్రం సీట్లు ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే వారాంతానికి ఇంటికొచ్చినవాళ్ళు అప్పుడే మాడ్రిడ్ తిరిగెళ్తారు. కానీ విమానం ఉన్న రోజు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, డ్రైవర్ చివరి నిమిషంలో రద్దు చేసుకుంటే మీకు ఇంకో దారి ఉండదు. 63 ఏళ్ళ అమ్మగారితో అయితే నేను రైలే అంటాను. అన్నాళ్ళు నడిచిన మోకాళ్ళు తొమ్మిది గంటలు మడిచి కూర్చుంటే ఎలా బిగుసుకుంటాయో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

గులకరాయి:
అందరూ సాంటియాగో చేరాక సంగతి చెబుతున్నారు. మధ్యలో ఆగిపోతే? నాతో నడిచిన స్నేహితురాలికి చీలమండ బెణికి లియోన్‌లోనే ఆపేయాల్సి వచ్చింది, తిరుగు టికెట్ సాంటియాగో నుంచి ఉండటంతో ఒక విమాన కంపెనీ మొదటి విమానం ఎక్కకపోతే మిగతావి రద్దు అని తేల్చి చెప్పింది. అందుకే దూరపుకొండ గారి మాటే నాకు నచ్చింది. మాడ్రిడ్ నుంచి టికెట్ ఉంటే ఎక్కడ ఆగినా మాడ్రిడ్ రావచ్చు. పాంప్లోనా, లోగ్రోన్యో, బుర్గోస్, లియోన్, అస్తోర్గా, పోన్‌ఫెర్రాదా, సార్రియా, వీటన్నిటికీ రైల్వే స్టేషన్ ఉంది. బుర్గోస్, లియోన్ నుంచి హై స్పీడ్ రైలు, లియోన్ నుంచి రెండు గంటల పైన అంతే. పోర్తో నుంచి టికెట్ కొన్నవాళ్ళు బుర్గోస్‌లో పడిపోతే పోర్తో చేరడానికే సగం దేశం దాటాలి. నీలిగొడుగు గారికి కోపం వద్దు, పోర్తో చవకే, కానీ పెద్దవాళ్ళతో నడిచేటప్పుడు చవక ఒక్కటే చూడకూడదు.

నీలిగొడుగు:
కోపం ఎందుకండీ, ఆ మాట నిజమే. పోర్చుగల్ నుంచి సాంటియాగో వచ్చే పోర్చుగీస్ దారిలో నడిచేవాళ్ళకి పోర్తో, ఫ్రాన్సెస్‌కి మాడ్రిడ్, అలా అనుకుందాం. అన్నట్టు నడిచే తిరిగి రావాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, పాతకాలంలో యాత్రికులు చాలామంది అలాగే వచ్చేవారు కదా, సాంటియాగో నుంచి పోర్తో వైపు నీలి బాణాలు ఉంటాయి. అవి పోర్చుగల్‌లోని ఫాతిమా క్షేత్రానికి దారి చూపే గుర్తులు. పసుపు బాణాలు సాంటియాగో వైపే చూపిస్తాయి కాబట్టి వేరే దారుల్లో వెనక్కి నడవడం కష్టం, ఇక్కడ మాత్రం వెనక్కి నడవడానికి గుర్తులున్నాయి.

దూరపుకొండ:
రైలు టికెట్ గురించి ఒకటి మర్చిపోయాను. అందులో రకాలున్నాయి. బాసికో అన్నింటికంటే చవక, కానీ మార్చుకోలేరు, డబ్బు వెనక్కి రాదు. ఎలిహే అయితే కొంత కట్టి మార్చుకోవచ్చు. మీ చేరే రోజు ఖాయం కానంతవరకు కొనకండి. సార్రియా దాటాక, అంటే ఇంకా 110 కిలోమీటర్ల చిల్లర మిగిలినప్పుడు, ఏ రోజు చేరతామో దాదాపు ఖాయంగా తెలిసిపోతుంది, అప్పుడు బాసికో కొనండి. శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు వదిలేసి మంగళవారమో బుధవారమో చూసుకుంటే తక్కువకి దొరుకుతుంది. విమానం ఉన్న రోజునే రైలు పెట్టుకోకండి. రెండూ వేర్వేరు టికెట్లు, రైలు ఆలస్యమై విమానం పోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. ముందు రోజే మాడ్రిడ్ చేరండి. ఆ ఒక్క రాత్రి గదికి పెట్టే డబ్బు కొత్త టికెట్ ధరతో పోలిస్తే ఎంత?

పసుపుబాణం:
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మకి చదివి వినిపించాను, ఫినిస్తేరా మాట వినగానే "అది కూడా నడుద్దాం" అంది. ఇప్పుడు అనుకుంటున్నది ఇదీ. మాడ్రిడ్‌కి రానుపోను ఒకే టికెట్, తేదీ మార్చుకునే వీలున్న ధరలో. వీసా దరఖాస్తులో 45 రోజులు. వెళ్ళేటప్పుడే అమ్మకి ఆ 60 ఏళ్ళ కార్డు. సార్రియా దాటాక రైలు టికెట్. చివరిగా రెండు సందేహాలు. పాంప్లోనాకి రైల్లో వెళ్తే మాతో ఉండే చిన్న సూట్‌కేసు నడకలో మోయలేం, దాన్నేం చేయాలి? నడక కర్రలు విమానంలోకి రానిస్తారా?

ఊతకర్ర:
సూట్‌కేసు సాంటియాగోకి పంపించేయి. స్పెయిన్ పోస్టాఫీసు కొర్రెయోస్‌కి యాత్రికుల కోసం ప్రత్యేక సర్వీసు ఉంది, పాంప్లోనాలో ఇస్తే సాంటియాగోలో కథీడ్రల్ దగ్గరి రువా దో ఫ్రాంకో పోస్టాఫీసులో దాచి ఉంచుతారు. ఎన్ని రోజులకి ఎంత అనేది ఇచ్చేటప్పుడే అడిగి రసీదు మీద రాయించుకో, నడక ఆలస్యమైతే అదనపు రోజులకి కట్టొచ్చు. మధ్యలో ఆగిపోయే పరిస్థితి వస్తే పెట్టె సాంటియాగోలో, మీరు మాడ్రిడ్‌లో ఉంటారు, కాబట్టి పాస్‌పోర్టు, మందులు, తిరుగు ప్రయాణానికి కావలసిన కాగితాలు అందులో పెట్టొద్దు. అసలు మాడ్రిడ్‌లో మీరు చివరి రాత్రి ఉండే హోటల్లో దాచమని అడిగితే ఇంకా మంచిది, ఎటు నుంచి వచ్చినా అక్కడికే వస్తారు కదా.

కర్రలు క్యాబిన్‌లోకి రానివ్వరు, చెకిన్ బ్యాగులో పెట్టాలి. మడత పెట్టే రకం కొంటే మీ సూట్‌కేసులోనే పడతాయి. మామూలు చెక్క కర్ర కొనుక్కున్నవాళ్ళు చాలామంది సాంటియాగోలో అల్బెర్గేలో వదిలేసి వస్తారు, తర్వాత వచ్చినవాళ్ళు ఫినిస్తేరా వెళ్ళడానికి వాడుకుంటారు.

చలిగాలి:
యూరప్ లోపల చవక విమానం ఎక్కేవాళ్ళు బ్యాగు కొలత కూడా చూసుకోండి. రయానేర్‌లో ఉచితంగా రానిచ్చేది 40, 30, 20 సెంటీమీటర్ల బ్యాగు, నడకకి వాడే 35 లీటర్ల బ్యాగు అందులో పట్టదు. బ్యాగుకి డబ్బు టికెట్ కొనేటప్పుడే కట్టండి, గేటు దగ్గర కడితే చాలా ఎక్కువ. యూరప్ పాస్‌పోర్ట్ లేనివాళ్ళు సెక్యూరిటీ లోపలికి వెళ్ళే ముందే వాళ్ళ కౌంటర్ దగ్గర వీసా చూపించుకోవాలి, అది మర్చిపోతే గేటు దగ్గర నుంచి వెనక్కి పంపుతారు.

మైలురాయి:
పసుపుబాణం గారూ, మీ ప్లాన్‌లో ఒక్క సవరణ. తేదీ మార్చుకునే టికెట్ కొన్నా, మార్చే తేదీ వీసా రోజుల లోపల ఉందో లేదో ప్రతిసారీ లెక్కపెట్టండి. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. దరఖాస్తుకి పూర్తి డబ్బు కట్టిన టికెట్ అక్కర్లేదు, రిజర్వేషన్ సరిపోతుంది. వీసా చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.